త్రిజ్యాంతర వైశాల్యం

వృత్తంలో రెండు వ్యాసార్ధాలు, వాటి చివరలను కలిపే చాపం, ఈ మూడింటి నడుమ ఉన్న ప్రాంతాన్ని త్రిజ్యాంతరం అంటారు. సెక్టరు అనే పేరు కూడా బడుల్లో వాడుకలో ఉంది. దీని వైశాల్యం కనుక్కోవడం పదో తరగతి గణితంలో చిన్న పాఠం. ఆ చిన్న పాఠంలో రెండు పెద్ద భావాలు ఇమిడి ఉన్నాయి. ఒకటి అనుపాతం: కేంద్రం దగ్గర కోణం ఎన్ని రెట్లయితే వైశాల్యం అన్ని రెట్లవుతుంది. రెండోది త్రిభుజంతో సమానత్వం: చాపమంత భూమి, వ్యాసార్ధమంత ఎత్తు ఉన్న త్రిభుజం వైశాల్యమెంతో త్రిజ్యాంతరం వైశాల్యమూ అంతే. శంకువు వక్రతలం నుంచి గ్రహాల గమనం దాకా త్రిజ్యాంతరం పనికొచ్చిన ప్రతిచోటా ఈ రెండు భావాల్లో ఏదో ఒకటి పనిచేస్తుంది. అందుకే ఈ సూత్రాన్ని బట్టీ పట్టడం కంటే అది ఎందుకు నిజమో తెలుసుకోవడం ఎంతో మేలు.

నిర్వచనాలు

రెండు వ్యాసార్ధాలు వృత్తాన్ని రెండు త్రిజ్యాంతరాలుగా విడదీస్తాయి. కేంద్రకోణం 180 డిగ్రీల కంటే తక్కువ ఉన్నది అల్ప త్రిజ్యాంతరం, ఎక్కువ ఉన్నది అధిక త్రిజ్యాంతరం. కోణం సరిగ్గా 180 డిగ్రీలైతే రెండూ అర్ధవృత్తాలే. 90 డిగ్రీలైతే వృత్తంలో నాలుగో వంతు, అంటే పాదవృత్తం వస్తుంది.

త్రిజ్యాంతరాన్ని వృత్తఖండంతో కలిపేసుకోకూడదు. వృత్తఖండానికి హద్దులు రెండే: ఒక జ్యా, ఒక చాపం. త్రిజ్యాంతరానికి కేంద్రం ఒక మూల; వృత్తఖండం అంచు కేంద్రాన్ని తాకనవసరం లేదు. అల్ప త్రిజ్యాంతరంలోంచి రెండు వ్యాసార్ధాలకూ జ్యాకూ మధ్య ఉన్న త్రిభుజాన్ని తీసేస్తే మిగిలేది అల్ప వృత్తఖండం.

త్రిజ్యాంతరం చుట్టుకొలతలో చాపం ఒక్కటే కాదు, రెండు వ్యాసార్ధాలూ చేరతాయి.

మూడు రూపాల్లో ఒకే సూత్రం

కోణం డిగ్రీల్లో తెలిస్తే:

వైశాల్యం = (కోణం ÷ 360) × π × వ్యాసార్ధం²

చాపం పొడవు తెలిస్తే:

వైశాల్యం = ½ × చాపం × వ్యాసార్ధం

కోణం రేడియన్లలో తెలిస్తే:

వైశాల్యం = ½ × వ్యాసార్ధం² × కోణం

రేడియన్ల లెక్కలో చాపం అంటే వ్యాసార్ధం, కోణాల లబ్ధమే. కాబట్టి రెండో రూపం నుంచి మూడోది నేరుగా వస్తుంది. ఈ కొలతలో ఒక పూర్తి చుట్టు 2π రేడియన్లు. ఒక రేడియన్ సుమారు 57.3 డిగ్రీలు. కోణాన్ని ఇలా చాపంతో కొలవడంలోని సహజత్వాన్ని 1714లో ఇంగ్లండు గణితవేత్త రోజర్ కోట్స్ గుర్తించాడు.

వ్యాసార్ధం 21 సెం.మీ., కేంద్రకోణం 120 డిగ్రీలు అనుకుందాం. 120 అంటే 360లో మూడో వంతు. π విలువ 22/7గా తీసుకుంటే పూర్తి వృత్త వైశాల్యం 1,386 చ.సెం.మీ.; మూడో వంతు 462. ఇదే లెక్కను చాపంతో చేస్తే, వృత్త పరిధి 132 సెం.మీ., అందులో మూడో వంతు 44. ½ × 44 × 21 కూడా 462 చ.సెం.మీ. అవుతుంది. రెండో దారిలో కోణం ప్రస్తావనే రాలేదు. చెట్టు చుట్టూ కట్టిన అరుగు లాంటి చోట కోణమాపకం పెట్టడం కష్టం, టేపుతో చాపం కొలవడం తేలిక. అక్కడ ఈ రూపమే అక్కరకొస్తుంది.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది మూడు చోట్ల. వ్యాసం ఇస్తే దాన్నే వ్యాసార్ధంగా వాడితే జవాబు నాలుగింతలవుతుంది. డిగ్రీల్లో ఉన్న కోణాన్ని రేడియన్ల సూత్రంలో పెడితే జవాబు 57 రెట్లకు పైగా పెరుగుతుంది. అధిక త్రిజ్యాంతరం అడిగినప్పుడు 360లోంచి కోణాన్ని తీసివేయడం మరిచిపోతే అల్ప త్రిజ్యాంతరం వైశాల్యమే వస్తుంది. వచ్చిన జవాబును పూర్తి వృత్త వైశాల్యంతో పోల్చి చూస్తే ఈ తప్పులు చాలావరకు బయటపడతాయి.

అనుపాతం ఎందుకు నిజం

ఒకే వృత్తంలో సమాన కోణాలున్న రెండు త్రిజ్యాంతరాలను తీసుకుని, ఒకదాన్ని కేంద్రం చుట్టూ తిప్పితే రెండోదాని మీద సరిగ్గా కూర్చుంటుంది. కాబట్టి వాటి వైశాల్యాలు సమానం. వృత్తాన్ని 360 సమాన త్రిజ్యాంతరాలుగా చేస్తే ఒక్కోటి వృత్తంలో 360వ వంతు. 50 డిగ్రీల త్రిజ్యాంతరంలో అలాంటివి 50 ఉంటాయి. కోణం పూర్ణసంఖ్య కాకపోయినా, భిన్నమైతే ముక్కలను ఇంకా చిన్నవి చేస్తే చాలు.

చిక్కు వచ్చేది కోణాల నిష్పత్తి కరణీయ సంఖ్య అయినప్పుడు. అప్పుడు ముక్కలు ఎంత చిన్నవైనా రెండింటినీ సరిగ్గా కొలవలేవు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో యూడాక్సస్ రూపొందించిన నిష్పత్తి సిద్ధాంతం దీనికి సమాధానం చెప్పింది. అసలు కోణానికి కొంచెం తక్కువైన భిన్నాన్నీ కొంచెం ఎక్కువైన భిన్నాన్నీ తీసుకుంటే, వైశాల్యం ఆ రెండింటి మధ్య చిక్కుకుంటుంది. ఆ ఎడాన్ని ఎంతైనా తగ్గించవచ్చు కాబట్టి అనుపాతం తప్ప మరో అవకాశం మిగలదు.

యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ ఆరో పుస్తకం చివరి ప్రతిపాదనలో, సమాన వృత్తాల్లో కోణాల నిష్పత్తీ చాపాల నిష్పత్తీ ఒకటేనని చెప్పాడు. త్రిజ్యాంతరాలకూ అదే వర్తిస్తుందన్న భాగాన్ని క్రీ.శ. 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన థియాన్ చేర్చాడు. గణితవేత్త హైపేషియా తండ్రి ఇతడే. టాలెమీ ‘అల్మజెస్ట్’కు రాసిన వ్యాఖ్యానంలో థియానే ఈ చేర్పు సంగతి చెప్పుకున్నాడు. దాంతో పండితుల చేతికి గట్టి ఆధారం దొరికింది: త్రిజ్యాంతరాల మాట ఉంటే అది థియాన్ కూర్పు, లేకపోతే అంతకు ముందు పాఠం. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాంస్వా పెరార్ వాటికన్ గ్రంథాలయ ప్రతిలో ఆ భాగం లేదని గమనించాడు. యూక్లిడ్ పాఠానికి మరింత దగ్గరైన ప్రతి అలా వెలుగులోకి వచ్చింది. ఒక గ్రంథం చరిత్రను తేల్చడంలో త్రిజ్యాంతర వైశాల్యం సాక్ష్యంగా నిలిచిన సందర్భం ఇది.

త్రిభుజంతో సమానత్వం

త్రిజ్యాంతరాన్ని కేంద్రం నుంచి చాలా సన్నని ముక్కలుగా కోద్దాం. ఒక్కో ముక్క దాదాపు త్రిభుజమే. దాని భూమి చిన్న చాపం ముక్క, ఎత్తు దాదాపు వ్యాసార్ధం. అన్ని త్రిభుజాలకూ ఎత్తు ఒకటే కాబట్టి వైశాల్యాలను కూడితే భూములు కలిసి పూర్తి చాపమవుతాయి. మొత్తం ½ × చాపం × వ్యాసార్ధం. ముక్కలు సన్నబడే కొద్దీ లోపం సున్నాకు దగ్గరవుతుంది.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఆర్కిమిడీస్ దీన్ని పూర్తి వృత్తానికి కట్టుదిట్టంగా నిరూపించాడు. లంబకోణ త్రిభుజంలో లంబకోణాన్ని కలిగిన భుజాల్లో ఒకటి వ్యాసార్ధానికీ మరొకటి వృత్త పరిధికీ సమానమైతే, ఆ త్రిభుజం వైశాల్యం వృత్త వైశాల్యానికి సమానమని చూపాడు. ఆ నిరూపణ ఉన్న గ్రంథంలోనే 96 భుజాల బహుభుజులను వాడి π విలువ 3 10/71, 3 1/7ల మధ్య ఉంటుందని తేల్చాడు. మన బడుల్లో వాడే 22/7 ఆ పై హద్దే.

క్రీ.శ. 499 నాటి ‘ఆర్యభటీయం’ గణితపాదంలో పరిధిలో సగాన్ని వ్యాసంలో సగంతో గుణిస్తే వృత్తఫలం వస్తుందని ఆర్యభటుడు చెప్పాడు. ఇది ఆర్కిమిడీస్ చెప్పిన సమానత్వమే. 20,000 వ్యాసమున్న వృత్తానికి పరిధి 62,832 అని కూడా చెప్పి, అది ఆసన్న విలువ అని స్పష్టం చేశాడు. అంటే π సుమారు 3.1416. భాస్కరాచార్యుడి ‘లీలావతి’కి 16వ శతాబ్దంలో ‘బుద్ధివిలాసిని’ వ్యాఖ్యానం రాసిన గణేశ దైవజ్ఞుడు దీన్ని కళ్లకు కట్టేలా వివరించాడు. వృత్తాన్ని రెండు సగాలు చేసి, ఒక్కో సగాన్ని సూదిమొనల్లాంటి త్రిజ్యాంతరాలుగా కోసి విప్పి, ఒక సగం మొనలను రెండో సగం సందుల్లో దూర్చాలి. దాదాపు దీర్ఘచతురస్రం ఏర్పడుతుంది. దాని పొడవు పరిధిలో సగం, వెడల్పు వ్యాసార్ధం. తరగతి గదిలో రంగు కాగితం, కత్తెరలతో ఈనాటికీ చేయించదగ్గ పని ఇది. ఈ ఒక్క ప్రయోగం చేసిన పిల్లలకు సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో జీవితాంతం గుర్తుంటుంది.

వృత్తఖండం: పాత సూత్రాలు, వాటి లోపాలు

అల్ప వృత్తఖండం వైశాల్యం కావాలంటే త్రిజ్యాంతరంలోంచి ½ × వ్యాసార్ధం² × సైన్ కోణం తీసేయాలి. 21 సెం.మీ., 120 డిగ్రీల ఉదాహరణలో త్రిభుజం సుమారు 190.96 చ.సెం.మీ. కాబట్టి వృత్తఖండం సుమారు 271.04 చ.సెం.మీ.

సైన్ పట్టికలు చేతిలో లేని రోజుల్లో భూమి కొలిచేవారికి విల్లు ఆకారపు పొలాలు ఎదురయ్యేవి. వాళ్లు కొలవగలిగింది జ్యానూ, జ్యా మధ్య నుంచి చాపం దాకా ఉన్న శరాన్నీ. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలపు జైన గణితవేత్త మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో రెండు పద్ధతులిచ్చాడు. స్థూలంగా అయితే జ్యా, శరాల మొత్తాన్ని శరంతో గుణించి సగం చేయాలి. సూక్ష్మంగా అయితే జ్యా, శరాల లబ్ధాన్ని 10 వర్గమూలంతో గుణించి 4తో భాగించాలి. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన ‘సారసంగ్రహ గణితము’గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా దానికి పేరు.

స్థూల సూత్రం చైనా ‘తొమ్మిది అధ్యాయాల’ గణిత గ్రంథంలోనూ ఉంది. క్రీ.శ. 263లో దానికి వ్యాఖ్యానం రాసిన ల్యూ హ్వే, ఈ పద్ధతి కచ్చితం కాదని చెప్పి, చాపాన్ని పదేపదే సగం చేస్తూ త్రిభుజాలను కలుపుకుంటూ పోవాలని సూచించాడు.

ఈ పద్ధతులు ఎంత దగ్గరగా వస్తాయో చూద్దాం. వ్యాసార్ధం 12 మీ., కోణం 60 డిగ్రీలైతే జ్యా 12 మీ., శరం సుమారు 1.608 మీ. అసలు వృత్తఖండం 13.04 చ.మీ. స్థూల సూత్రం 10.94 ఇస్తుంది, సూక్ష్మ సూత్రం 15.25 ఇస్తుంది. ఒకటి దాదాపు ఆరో వంతు తక్కువ, మరొకటి దాదాపు ఆరో వంతు ఎక్కువ. కారణం తేటతెల్లమే. రెండు సూత్రాలూ అర్ధవృత్తానికి సరిపోయేలా కుదిరినవి: అక్కడ మొదటిదాంట్లో π విలువ 3 అవుతుంది, రెండోదాంట్లో 10 వర్గమూలమవుతుంది. కోణం బాగా చిన్నదైనప్పుడు వృత్తఖండం దాదాపు పరావలయ ఖండంలా ఉంటుంది. పరావలయ ఖండానికి ఆర్కిమిడీస్ ఇచ్చిన ఫలితం జ్యా, శరాల లబ్ధంలో మూడింట రెండు వంతులు. పై ఉదాహరణలో అది 12.86 చ.మీ. ఇస్తుంది, అసలుకు ఎంతో దగ్గర.

త్రిజ్యాంతరానికీ వృత్తఖండానికీ సంబంధించిన అందమైన ఫలితం క్రీ.పూ. 5వ శతాబ్దపు కియోస్ ద్వీపవాసి హిప్పోక్రటీస్‌ది. పాదవృత్తం జ్యా మీద బయటికి ఒక అర్ధవృత్తం గీస్తే, దాని వైశాల్యం ఆ పాదవృత్తానికి సమానం. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న వృత్తఖండాన్ని తీసేస్తే ఒకవైపు నెలవంక, మరోవైపు త్రిభుజం మిగులుతాయి. కాబట్టి నెలవంక వైశాల్యం త్రిభుజంతో సమానం. π పూర్తిగా తొలగిపోయింది. వంపు గీతల మధ్య చిక్కిన ప్రాంతాన్ని సరళరేఖలతో కచ్చితంగా కొలవవచ్చని తేలడంతో, పూర్తి వృత్తానికీ అలాగే చేయవచ్చన్న ఆశ గణితవేత్తల్లో శతాబ్దాల పాటు నిలిచింది. 1882లో గణితవేత్త లిండెమన్ π బీజాతీత సంఖ్య అని నిరూపించడంతో, వృత్తంతో సమాన వైశాల్యమున్న చతురస్రాన్ని స్కేలు, వృత్తలేఖినులతో గీయడం అసాధ్యమని తేలిపోయింది.

వలయ త్రిజ్యాంతరం, శంకువు

ఒకే కోణమున్న పెద్ద త్రిజ్యాంతరంలోంచి చిన్నదాన్ని తీసేస్తే వంకర పట్టీ మిగులుతుంది. దాని వైశాల్యం లోపలి చాపం, వెలుపలి చాపం సగటును వెడల్పుతో గుణిస్తే వస్తుంది. సమలంబ చతుర్భుజం సూత్రం కూడా ఇదే: త్రిజ్యాంతరం త్రిభుజంతో సమానమైనట్టే, వలయ త్రిజ్యాంతరం సమలంబ చతుర్భుజంతో సమానం.

అంబ్రెల్లా లంగా కత్తిరించే దర్జీకి ఈ లెక్క నిత్యావసరం. నడుము 70 సెం.మీ., పొడవు 90 సెం.మీ. అనుకుందాం. పూర్తి వృత్తంగా కోస్తే లోపలి వ్యాసార్ధం 70ని 2πతో భాగిస్తే వచ్చే 11.14 సెం.మీ.; అర్ధవృత్తంగా కోస్తే దానికి రెట్టింపు 22.28. కుట్టు ఖాళీలు పోను బట్ట వైశాల్యం మొదటిదానికి సుమారు 3.17 చ.మీ., రెండోదానికి 1.90 చ.మీ. కోణం సగమైనా బట్ట సగం కాలేదు. నడుము కొలత మారకూడదు కాబట్టి లోపలి వ్యాసార్ధం పెరిగింది, దాంతో వెలుపలిదీ పెరిగింది.

త్రిజ్యాంతరాన్ని చుట్టి రెండు వ్యాసార్ధాలనూ కలిపితే శంకువు వస్తుంది. త్రిజ్యాంతరం వ్యాసార్ధం శంకువుకు ఏటవాలు ఎత్తు, చాపం భూపరిధి అవుతాయి. కాబట్టి వక్రతల వైశాల్యం ½ × భూపరిధి × ఏటవాలు ఎత్తు. అంటే π × భూవ్యాసార్ధం × ఏటవాలు ఎత్తు. భూవ్యాసార్ధం 7 సెం.మీ., ఏటవాలు ఎత్తు 25 సెం.మీ. ఉన్న టోపీకి 100.8 డిగ్రీల త్రిజ్యాంతరం కోయాలి, 550 చ.సెం.మీ. అట్ట కావాలి.

మైదానంలో త్రిజ్యాంతరాలు

అథ్లెటిక్స్‌లో విసురు పోటీలన్నీ త్రిజ్యాంతరంలోనే జరుగుతాయి. గుండు, డిస్కస్, హ్యామర్ పోటీల్లో కోణం 34.92 డిగ్రీలు. చూడ్డానికి వింతగా ఉన్న ఈ సంఖ్య వెనుక సులువైన కొలత ఉంది: కేంద్రం నుంచి 20 మీ. దూరంలో రెండు గీతల మధ్య ఎడం సరిగ్గా 12 మీ. ఉండాలి. టేపు ఒక్కటి ఉంటే ఏ మైదానంలోనైనా గీసుకోవచ్చు. జావెలిన్‌కు కోణం 28.96 డిగ్రీలు; అక్కడ గీతల మధ్య ఎడం కేంద్రం నుంచి దూరంలో సగం ఉంటుంది. కేంద్రం విసురు చాపానికి 8 మీ. వెనుక ఉంటుంది కాబట్టి 90 మీ. దాకా పడే ప్రాంతం 8 మీ., 98 మీ. వ్యాసార్ధాల నడుమ ఉన్న వలయ త్రిజ్యాంతరం. దాని వైశాల్యం దాదాపు 2,411 చ.మీ.

తాడుతో కట్టిన పశువు ఎంత మేర మేస్తుందన్న లెక్క పాఠ్యపుస్తకాల్లో పాతదే. దాన్ని కాస్త పెంచి చూడండి. 6 మీ. పొడవు, 4 మీ. వెడల్పు ఉన్న కొట్టం మూలకు బయటివైపు 10 మీ. తాడుతో ఆవును కట్టారు. ముందుగా 10 మీ. వ్యాసార్ధంతో 270 డిగ్రీల త్రిజ్యాంతరం దొరుకుతుంది: 75π. తాడు 6 మీ. గోడ దాటి వంగితే మిగిలిన 4 మీటర్లతో పాదవృత్తం, 4π. అటువైపు 4 మీ. గోడ దాటితే మిగిలిన 6 మీటర్లతో మరో పాదవృత్తం, 9π. మొత్తం 88π, సుమారు 276.46 చ.మీ. తాడు పొడవు కొట్టం చుట్టుకొలతలో సరిగ్గా సగం కాబట్టి రెండు చిన్న ముక్కలూ ఎదుటి మూల దగ్గర తాకుతాయి, ఒకదానిపై ఒకటి పడవు. తాడు ఇంకా పొడవైతే అవి కలుసుకుంటాయి, లెక్క మరింత చిక్కబడుతుంది.

గరిష్ఠ వైశాల్యం

ఒకే పొడవు తీగతో త్రిజ్యాంతరం ఆకారంలో కంచె వేయాలంటే ఏ కోణం మేలు? 40 మీ. తీగ ఉంటే చాపం పొడవు 40లోంచి రెండు వ్యాసార్ధాలు తీసేయగా మిగిలింది. ఆ చాపాన్ని వ్యాసార్ధంతో గుణించి సగం చేస్తే, వ్యాసార్ధం 10 మీ. అయినప్పుడు వైశాల్యం గరిష్ఠం, 100 చ.మీ. చాపం 20 మీ., కోణం 2 రేడియన్లు, అంటే దాదాపు 114.6 డిగ్రీలు. తీగ పొడవు ఎంతైనా ఉత్తమ కోణం ఇదే. అదే తీగతో చతురస్రం కట్టినా వచ్చేది 100 చ.మీ.!

గణాంక చిత్రాల్లో

1801లో విలియం ప్లేఫెయిర్ గణాంకాలను చూపడానికి వృత్తాన్ని త్రిజ్యాంతరాలుగా పంచాడు. ‘పై చార్టు’ అనే చిత్రం అలా మొదలైంది. అందులో వ్యాసార్ధం ఒకటే, కోణం మారుతుంది. 1858లో ఫ్లారెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాలను చూపిన చిత్రంలో దీనికి తిరగేసి చేసింది: పన్నెండు నెలలకూ సమాన కోణం, మారేది వ్యాసార్ధం. వైశాల్యం వ్యాసార్ధ వర్గంతో పెరుగుతుంది. రెట్టింపు మరణాలకు రెట్టింపు వ్యాసార్ధం గీస్తే కంటికి నాలుగింతలు కనబడుతుంది. ఆమె మరణాలను వైశాల్యంతో చూపింది కాబట్టి వ్యాసార్ధాలు వర్గమూలాలతో కుదిరాయి. ఇలాంటి చిత్రాలను గీసేవారూ చదివేవారూ ఈ తేడాను తప్పక గమనించాలి.

వ్యాసార్ధం మారుతూ పోతే

వంపు గీత మీద కేంద్రం నుంచి దూరం క్షణక్షణం మారుతున్నప్పుడు ప్రాంతాన్ని అతి సన్నని త్రిజ్యాంతరాలుగా విడదీసి కూడతారు. ధ్రువ నిరూపకాల్లో వైశాల్యమంటే ½ × దూరం² × అతి చిన్న కోణం అనే ముక్కల సమాకలనం. సమాకలన శాస్త్రం పుట్టకముందే ఆర్కిమిడీస్ తన సర్పిలానికి ఈ పని చేశాడు. సర్పిలం లోపలా వెలుపలా త్రిజ్యాంతరాల వరసలు అమర్చి, మొదటి చుట్టు చుట్టుకున్న ప్రాంతం ఆ చుట్టు చివరి దూరమే వ్యాసార్ధంగా గల వృత్తంలో మూడో వంతని నిరూపించాడు.

1609లో ‘ఆస్ట్రోనోమియా నోవా’లో కెప్లర్ అంగారకుడి కక్ష్యను వివరిస్తూ, సూర్యుడినీ గ్రహాన్నీ కలిపే రేఖ సమాన కాలాల్లో సమాన వైశాల్యాలను తుడుస్తుందని చెప్పాడు. భూమి విషయంలో ఇది సరిచూసుకోవచ్చు. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి సుమారు 14.71 కోట్ల కి.మీ. దూరంలో సెకనుకు 30.29 కి.మీ. వేగంతో వెళుతుంది. జులై మొదట్లో దూరం 15.21 కోట్ల కి.మీ., వేగం 29.29 కి.మీ. ఆ రెండు చోట్లా కదలిక సూర్యరేఖకు లంబంగా ఉంటుంది కాబట్టి సెకనులో నడిచిన దూరాన్ని చాపంగా తీసుకుని ½ × చాపం × వ్యాసార్ధం వాడవచ్చు. రెండుసార్లూ సెకనుకు దాదాపు 222.8 కోట్ల చ.కి.మీ. వస్తుంది.

1687లో ‘ప్రిన్సిపియా’ మొదటి ప్రతిపాదనలో న్యూటన్ దీనికి కారణం చెప్పాడు. గ్రహం తుడిచిన ప్రాంతాన్ని సన్నని త్రిభుజాలుగా విడగొట్టి, బలం ఎప్పుడూ ఒకే కేంద్రం వైపు లాగుతుంటే ఆ త్రిభుజాలన్నీ సమానమవుతాయని చూపాడు. దూరంతో ఆ బలం ఎలా తగ్గినా, పెరిగినా ఈ ఫలితం మారదు. కాబట్టి సమాన కాలాల్లో సమాన వైశాల్యాలు కనబడితే, లాగే బలం ఆ కేంద్రం వైపే ఉందని తిరిగి చెప్పవచ్చు. ఆకాశంలో బలం కంటికి కనబడదు. దాని దిశను పట్టిచ్చింది వైశాల్యమే. ఆ వైశాల్యాన్ని కొలిచింది పదో తరగతి విద్యార్థి నేర్చుకునే సూత్రమే.